కుస్తీలో పిల్లల తల కాపాడటం ఎలా: దేగ్లూర్–మద్నూర్ సరిహద్దు ఊళ్ల పీఈటీలకూ వస్తాదులకూ

ఇద్దరు పిల్లలు ఒకేసారి ఒకరి కాళ్ల మీదికి ఒకరు దూకుతారు. తలలు టక్కున తగులుతాయి. ఒకడు లేస్తాడు, తల ఒకసారి విదిలిస్తాడు, కళ్లు గట్టిగా మూసి తెరుస్తాడు, మళ్లీ చేతులు చాచి నిలబడతాడు. హలగీ (డప్పు) ఆగదు, జనం ఈలలు ఆపరు. కుస్తీ ఆపాల్సింది సరిగ్గా అక్కడే. మన దగ్గర ఎక్కువసార్లు ఆగనిదీ అక్కడే.

అటు మహారాష్ట్రలో దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లోనూ, ఇటు తెలంగాణలో మద్నూర్, జుక్కల్, బిచ్కుంద వైపూ పిల్లవాడు రెండు చోట్ల కుస్తీ పడతాడు. బడి తరఫున మ్యాట్ మీద, 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాల్లో. జాతరలో మట్టి మీద, కొబ్బరికాయ ఇనాముగా ఉండే కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీ దాకా. మ్యాట్ మీద రెఫరీ చేతిలో రూల్‌బుక్ ఉంటుంది. మట్టిలో కమిటీ మాటే రూలు. తల మాత్రం రెండు చోట్లా అదే తల. అందుకే కింద చెప్పేవన్నీ రెండింటికీ వర్తిస్తాయి. ఎక్కడ తేడా ఉందో అక్కడ విడిగా చెప్పాం.

ముందు ఒక్క మాట అర్థం చేసుకోండి. కంకషన్ అంటే పుర్రె పగలడం కాదు, రక్తం కారడం కాదు. పుర్రె లోపల మెదడు ఒక్కసారి అదిరి, దాని పని కొంతకాలం తప్పడం. తలకు నేరుగా తగలనక్కర్లేదు. వీపు మీద విసురుగా పడి మెడ కొరడాలా ఊగినా చాలు. స్కాన్ తీస్తే మామూలుగానే కనిపిస్తుంది. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా స్పృహ తప్పనే తప్పరు. "వాడు పడిపోలేదు కదా" అన్న మాటకు అందుకే విలువ లేదు. మన భాషలో దీనికి సరైన మాట ఎప్పటినుంచో ఉంది: దిమ్మ తిరిగింది. పిల్లవాడి నోట ఆ మాట వచ్చిందంటే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

మొదటి పని: ఆపే మనిషిని ముందే పెట్టండి

పోటీకి ముందురోజే ఒకరిని ఎంచండి. ఆ మనిషికి ఏ తాలీమ్‌తోనూ (కుస్తీ నేర్పే చోటుతోనూ) సంబంధం ఉండకూడదు, పోటీలో కొడుకో తమ్ముడో ఉండకూడదు, ఇనాము డబ్బు వసూలులో చెయ్యి ఉండకూడదు. పీహెచ్‌సీ నర్సు, ఆశా కార్యకర్త, పక్క బడి టీచరు, ఎవరైనా సరే. డాక్టర్ దొరికితే మంచిది. దొరకలేదని ఆ కుర్చీ ఖాళీగా వదలకండి. మెడలో ఎర్ర తువ్వాలు వేసి మ్యాట్ అంచున కూర్చోబెట్టండి. ఆ తువ్వాలు ఊపితే కుస్తీ ఆగాలి. దాని మీద అప్పీలు లేదు. వస్తాదుకూ లేదు, సర్పంచ్‌కూ లేదు, తండ్రికీ లేదు.

వస్తాదు చేతికే ఈ అధికారం ఎందుకివ్వకూడదంటే, ఆయన చెడ్డవాడని కాదు. ఆరు నెలలు తన చేత్తో తయారుచేసిన కుర్రవాడు ఫైనల్లో 6–2తో ముందున్నప్పుడు ఎవరి కన్నూ సరిగా చూడదు.

మైకులో కుస్తీలు మొదలుపెట్టేముందు మూడు మాటలు చెప్పించండి, తెలుగులోనూ మరాఠీలోనూ:

తలకు దెబ్బ తగిలి ఆగిన కుస్తీ ఓటమి కాదు, బరాబర్.
బరాబర్ అయితే ఇనాము ఇద్దరికీ సగం సగం.
తల పట్టుకుని ఆగినవాడికి ఆ రోజు ఇక కుస్తీ లేదు.

ఈ మూడూ కలిపే పనిచేస్తాయి, విడదీస్తే చెడిపోతాయి. మొదటి రెండూ లేకపోతే పిల్లవాడు నొప్పి దాచుకుంటాడు, ఎందుకంటే నిజం చెబితే ఇనాము పోతుంది. మూడోది లేకపోతే ఇంకో మోసం మొదలవుతుంది. ఊపిరాడక అలసిపోయినవాడు తల పట్టుకుని కూర్చుంటాడు, నిమిషం విశ్రాంతి దొరకగానే లేచి పడతాడు. కుస్తీ చూసినవాళ్లందరికీ ఈ ఎత్తు తెలుసు. తల పట్టుకుంటే రోజంతా బయటే అని తెలిస్తే ఉత్తినే ఎవరూ పట్టుకోరు.

బడి పోటీల్లో ఫలితం మీ చేతిలో ఉండదు, రూల్‌బుక్ ప్రకారం ఆగినవాడు ఓడినట్టే. అక్కడ మీరు చేయగలిగింది ఒకటుంది. ఓడి వచ్చిన పిల్లవాడిని బడిలో ప్రార్థన సమయంలో గెలిచినవాడితో సమానంగా నిలబెట్టండి. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ వచ్చే ఏడాది నిజం చెప్పేది దాన్ని చూసిన పిల్లలే.

రెండో పని: నేల

మ్యాట్ అయితే: అంతర్జాతీయ కొలత ప్రకారం పోటీ వలయం 9 మీటర్ల వ్యాసం, దాని చుట్టూ 1.5 మీటర్ల రక్షణ అంచు. మన బడుల్లో సగం మ్యాట్లకు ఆ అంచే ఉండదు. అంచు లేకపోతే వలయాన్ని లోపలికి జరిపి సుద్దతో గీయండి, బయట కనీసం ఒకటిన్నర మీటరు మెత్తన మిగలాలి. వలయం చిన్నదైతే ఏమీ కాదు, తల సిమెంటు గచ్చుకు తగిలితే అవుతుంది. పలకల మధ్య వేలు దూరేంత సందు ఉన్నా పైగుడ్డ విప్పి మళ్లీ బిగించండి. పాత మ్యాట్‌ను అరచేత్తో కాదు, మోకాలితో నొక్కి చూడండి. కింద గచ్చు తగులుతున్నట్టుంటే ఆ పలకను మధ్యలోంచి తీసి మూలకు వేయండి. స్కోరు బల్ల, కుర్చీలు, మైకు స్టాండు, నీళ్ల క్యాన్ అన్నీ అంచు నుంచి రెండు మీటర్ల దూరానికి జరపండి. గోడ దగ్గరైతే పాత పరుపులు నిలబెట్టి కట్టండి.

మట్టి అయితే పని ఎక్కువ. ఎర్రమట్టిలో పసుపు, మజ్జిగ, నూనె, నిమ్మరసం కలపడం అందరికీ తెలుసు. తలకు కావాల్సింది అది కాదు. మట్టి జానెడు లోతు వదులుగా ఉండాలి. జాతర అఖాడాల్లో (కుస్తీ గోదాల్లో) జరిగే తప్పు ఇది: పొద్దున గుల్ల చేస్తారు, దుమ్ము లేవకుండా మధ్యాహ్నం నీళ్లు చల్లుతారు, ఎండకు పైపొర అప్పడంలా గట్టిపడుతుంది, నలభై కుస్తీలకు కింద పొర తొక్కుడుపడి గచ్చవుతుంది. పెద్ద కుస్తీలు వచ్చేసరికి నేల గట్టిగా ఉంటుంది. పది కుస్తీలకు ఒకసారి ఆపి పారతో తిరగేయించండి, ఐదు నిమిషాల పని. నేల సరిగా ఉందో లేదో చూడాలంటే పిడికిలి బిగించి మణికట్టు దాకా దింపండి. దిగకపోతే తిరగేయాలి. మట్టి జల్లెడ పట్టించండి. రాయి, కొబ్బరి చిప్ప ముక్క, సోడా మూత ఏదీ మిగలకూడదు. కొబ్బరికాయ అఖాడా లోపల కొట్టొద్దు, గట్టు మీద కొట్టండి.

చెవి గార్డుల గురించి: అవి చెవిని కాపాడతాయి, గవ్వలా ముడుచుకుపోకుండా. కంకషన్‌ను ఆపవు. పళ్ల గార్డు పళ్లకు మంచిది. రెండూ వాడండి, కానీ అవి పెట్టుకున్నాడు కదా అని ధైర్యపడకండి.

మూడో పని: జోడీ

జాతరలో జోడీ కంటిచూపుతో కడతారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చేతులు కలిపించి "బరాబర్ హై" అంటారు. పెద్దవాళ్ల విషయంలో వాళ్లిష్టం. బడి పిల్లల విషయంలో కాటా పెట్టండి, పత్తి కొనేవాళ్ల దగ్గరో కిరాణా కొట్లోనో దొరుకుతుంది. 14 ఏళ్ల లోపు వాళ్లకు 3 కిలోలు, ఆ పైవాళ్లకు 5 కిలోలకు మించి తేడా ఉంటే జోడీ కట్టొద్దు. ఇది ఏ పుస్తకంలోని అంకె కాదు, మా లెక్క. బరువుతోపాటు ఎన్నాళ్లుగా కుస్తీ పడుతున్నాడో అడగండి. నాలుగేళ్లు తాలీమ్ చేసినవాడినీ నిన్న లంగోట్ కట్టినవాడినీ కలిపితే బరువు సమానమైనా అది జోడీ కాదు. కొత్తవాడికి పడటం రాదు, గడ్డం ఛాతీకి ఆనించుకోడు, తల వెనక్కి వేలాడుతూ నేలకు కొట్టుకుంటుంది.

వయసు దొంగలెక్క కూడా తల సమస్యే. 17 ఏళ్లవాడు 14 ఏళ్ల విభాగంలో దిగితే బరువు ఒకటే అయినా ఎముక, విసురు వేరు. బోనఫైడ్, ఆధార్, బడి రిజిస్టరు మూడూ కలిపి చూడండి. సరిహద్దుకు అటొక బడిలో, ఇటొక బడిలో పేరున్న పిల్లలుంటారు. రెండు చోట్లా పుట్టిన తేదీ ఒకటేనా అన్నది చూడాలి.

బరువు దించుకోవడం ఇంకోటి. తూకానికి ముందురోజు నీళ్లు మానేసి, దుప్పటి కప్పుకుని పరుగెత్తి, ఉమ్మి ఉమ్మి రెండు కిలోలు తగ్గిన పిల్లవాడికి మర్నాడు తలనొప్పి, తల తిరగడం, వికారం ఉంటాయి. కంకషన్ లక్షణాలూ అవే. ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు కంకషనే అనుకుని బయటికి తీయాలి. అంటే బరువు దించిన వస్తాదు తన కుస్తీ తనే పోగొట్టుకుంటాడు. ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి, వింటారు.

నాలుగో పని: ఏ పట్టు ఒప్పు, ఏది తప్పు

ఎక్కువ తల దెబ్బలు కింద పట్టులో కాదు, నిలబడి కాళ్ల మీదికి దూకేటప్పుడు తగులుతాయి. ఏకేరీ పట్ (ఒంటికాలి పట్టు), దుహేరీ పట్ (రెండు కాళ్ల పట్టు) నేర్పేటప్పుడు ఒక్కటి పదేపదే చెప్పండి: చూపు ఎదుటివాడి ఛాతీ మీద, నడినెత్తి ఎప్పుడూ ముందుకు రాకూడదు. తల వంచి నేల చూస్తూ దూకేవాడు మోకాలికి తల ఇస్తున్నాడు. రోజూ దూకుడు నేర్పేముందు పది నిమిషాలు పడటం నేర్పండి. గడ్డం ఛాతీకి, వీపు గుండ్రంగా, అరచెయ్యి నేలకు చరిచి. మెడ బలానికి నుదుటి మీద అరచెయ్యి పెట్టి కదలకుండా నెట్టడం చాలు. ముందు, వెనక, రెండు పక్కలా, ఆరు సెకన్ల చొప్పున ఐదేసి సార్లు. 14 ఏళ్ల లోపు వాళ్లతో తల మీద బ్రిడ్జి (తల, పాదాలు ఆనించి వీపును విల్లులా ఎత్తడం) వేయించి దాని మీద ఇంకొకరిని కూర్చోబెట్టే పాత అలవాటు మానండి.

ఎత్తి వేసే డావ్‌లకు (పట్లకు), ఢాక్, కలాజంగ్ లాంటివాటికి, చప్పట్లు ఎక్కువ. మ్యాట్ మీద ఎత్తివేతకు 4, పెద్ద విసురుకు 5 పాయింట్లు వస్తాయి కాబట్టి పిల్లలకు దాని మీదే ఆశ. ఎత్తినవాడిదే దించే బాధ్యత అన్నది పిల్లలకు అ ఆల్లా రావాలి. నేర్పేటప్పుడు కింద రెండు పరుపులు లేకుండా ఎత్తనివ్వొద్దు.

మ్యాట్ మీద రెఫరీ, మట్టిలో పంచ్ (తీర్పు చెప్పేవాడు) ఇద్దరూ వెంటనే ఆపాల్సినవి ఇవి: చెయ్యి కలపకుండా తలను మాత్రమే బిగించిన పట్టు, గొంతు పట్టు, తలతో కొట్టడం, వేళ్లు విరవడం, చెయ్యిని 90 డిగ్రీలు దాటి మెలిపెట్టడం, బ్రిడ్జిలో ఉన్నవాడిని తల వైపుకు నెట్టడం, బ్రిడ్జిలోంచి ఎత్తి మళ్లీ నేలకు వేయడం. అంతర్జాతీయ నియమాల ప్రకారం 15, 17 ఏళ్ల లోపు విభాగాల్లో ముందు నుంచిగానీ పక్క నుంచిగానీ డబుల్ నెల్సన్ కూడా నిషేధం. రెండు చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి మెడ వెనక కలిపి నొక్కే పట్టు అది. మట్టి కుస్తీలో ఇది మామూలుగా సాగిపోతుంది, పిల్లలకు మట్టిలోనూ ఆపండి.

మట్టి నుంచి మ్యాట్‌కు వచ్చే పిల్లలు తెలియక చేసే తప్పొకటి ఉంది. అఖాడాలో లంగోట్, చడ్డీ పట్టుకుని లాగడం ఒప్పు. మ్యాట్ మీద బట్ట పట్టుకోవడం తప్పు. అలవాటుగా పట్టేస్తారు, హెచ్చరిక పడుతుంది, ఎందుకో అర్థంకాక కోపం వస్తుంది, కోపంలో తల ముందుకు పెట్టి దూకుతారు. తాలూకా పోటీకి నెల ముందే బట్ట వదిలి పట్టడం సాధన చేయించండి. ఇంకో తేడా: మట్టిలో వీపు నేలకు ఆనితేనే ఓటమి, అందుకే ప్రాణం పోయినా బ్రిడ్జి వదలరు. మ్యాట్ మీద పాయింట్లుంటాయి, 17 ఏళ్ల లోపు వాళ్లకు రెండు నిమిషాలవి రెండు రౌండ్లు, మధ్యలో 30 సెకన్ల విరామం ఉంటుంది. రెండు పాయింట్లు పోయినా కుస్తీ మిగిలే ఉంటుందని చెప్పండి.

మ్యాట్ మీద తప్పుడు పట్టుతో ఎదుటివాడు గాయపడి కొనసాగలేకపోతే తప్పు చేసినవాడే ఓడతాడు. న్యాయమే. కానీ అలా గెలిచిన పిల్లవాడి తల తిరుగుతుంటే తర్వాతి కుస్తీకి దింపకూడదు. ఇది చాలామంది మర్చిపోతారు. కాగితం మీద గెలిచాడు, మెదడు మాత్రం అదిరే ఉంది. జాతరలో ఇలాంటి సందర్భంలో బరాబర్ కాదు, మొత్తం ఇనాము దెబ్బతిన్నవాడికే ఇప్పించండి.

ఐదో పని: చూడటం, అడగటం

చూసే గుర్తులు: పడ్డాక కదలకుండా ఉండటం, చేతులు బిగుసుకుపోవడం, లేచేటప్పుడు తూలడం, శూన్యంలోకి చూపు, తల విదిలించడం, కళ్లు నలపడం, తన మూల ఏదో మర్చిపోయి ఎదుటివాడి వస్తాదు వైపు నడవడం, ఆగమన్నాక కూడా పట్టు వదలకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా తువ్వాలు ఊపండి. రెండోదాని కోసం ఎదురుచూడొద్దు.

అడిగేవి: తలనొప్పి, కళ్లు మసక, వెలుతురు గుచ్చుకోవడం, చెవుల్లో గుయ్యిమనడం, తల తిరగడం, వికారం, "ఏదో మబ్బులో ఉన్నట్టుంది" అనడం, ఉత్తపుణ్యానికి ఏడుపు.

ఇక్కడ భాష అడ్డం వస్తుంది, మన ప్రాంతంలో తప్పకుండా చూసుకోవాల్సిన సంగతి. పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, తాలీమ్‌లో సగం హిందీ.  మరాఠీలో అడిగితే తికమకపడ్డవాడు నిజంగా తికమకలో ఉన్నాడో, మాట వెతుక్కుంటున్నాడో తెలియదు. ఇంటి భాషలోనే అడగండి. పైగా ఒక చిక్కు మాట ఉంది. తెలుగు పిల్లవాడు "డోకొస్తుంది" అంటే వాంతి వచ్చేలా ఉందని. మరాఠీలో డోకం అంటే తల. అటువైపు నర్సు తలనొప్పి అనుకుని రాసుకుంటుంది, వాంతి సంగతి కాగితం మీదికే రాదు. పదేపదే వాంతులు ప్రమాద గుర్తు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. వికారానికి మరాఠీలో మళమళ్ అంటారు. ఆపే మనిషికి రెండు మాటలూ తెలిసి ఉండాలి.

పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి ఐదు ప్రశ్నలు అడగండి: ఇప్పుడు మనం ఏ ఊళ్లో ఉన్నాం? ఇది మొదటి రౌండా, రెండోదా? చివరి పాయింట్ ఎవరిది? ఇంతకుముందు కుస్తీ ఎవరితో పడ్డావు? అది గెలిచావా? ఒక్కటి తప్పినా చాలు. తర్వాత ఐదు మాటలు చెప్పి తిరిగి చెప్పించండి: గొడ్డలి, నెమలి, కుండ, రైలు, నిమ్మకాయ. ఐదు నిమిషాలాగి మళ్లీ అడగండి. నేల మీద 3 మీటర్ల గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిపించండి. తూలితే చూసుకోండి.

జాగ్రత్త, ఈ పరీక్షలు తప్పితే బయటికి తీయడానికి, పాసైతే లోపలికి పంపడానికి కాదు. లక్షణాలు కొందరికి గంటలు గడిచాక వస్తాయి, మర్నాడు కూడా రావచ్చు. అనుమానం వచ్చాక అన్నీ సరిగ్గా చెప్పినా ఆ రోజు కుస్తీ లేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2009లో దీన్ని చట్టమే చేసింది: కంకషన్ అనుమానం వచ్చిన పిల్లల్ని వెంటనే ఆటలోంచి తీయాలి, వైద్యులు రాసిచ్చేదాకా దింపకూడదు. తర్వాత అక్కడి మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. మన జాతరకు అంత అక్కర్లేదు, కమిటీ తీర్మానం ఒకటి చాలు.

ఆరో పని: మొదటి పది నిమిషాలు

పడి లేవనివాడిని లేపొద్దు. చెయ్యి పట్టి లాగడం, ముఖాన నీళ్లు కొట్టడం, చెంప మీద తట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం ఏవీ వద్దు. ముఖ్యంగా "నస పట్టింది" అంటూ మెడ పట్టి టక్కుమనిపించే అలవాటు. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ ఒక్క తిప్పుతో కాళ్లూ చేతులూ జీవితాంతం పడిపోవచ్చు. ఒకరు తల దగ్గర మోకరిల్లి రెండు అరచేతులతో తలను ఉన్నచోటే కదలకుండా పట్టుకోండి. ఊపిరి ఆడుతోందా చూడండి. వాంతి అవుతుంటే తల, మెడ, ఒళ్లు ఒకే దుంగలా నలుగురు కలిసి పక్కకు తిప్పండి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి, అటూ ఇటూ అదే నంబరు: స్పృహ తప్పడం, మూర్ఛ, మెడనొప్పి, చేతులు కాళ్లలో తిమ్మిరి లేదా పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబడటం, అంతకంతకూ మగతగా లేదా మొండిగా మారడం, పుర్రె మీద సొట్ట. సరిహద్దులో ఫోన్ ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్‌కు తగులుకుంటుంది. కాల్ ఎత్తగానే ముందు రాష్ట్రం, జిల్లా, ఊరు చెప్పండి, తర్వాత సంగతి. స్కాన్ తీసే ఆసుపత్రి మీకు నాందేడ్ దగ్గరా నిజామాబాద్ దగ్గరా, రాత్రిపూట స్కాన్ తీస్తారా అన్నది జాతర ముందురోజే కనుక్కుని బండి డ్రైవరుకు చెప్పి ఉంచండి. అఖాడా నుంచి రోడ్డు దాకా అంబులెన్స్ దారికి అడ్డంగా మిఠాయి బండ్లు పెట్టనివ్వొద్దు.

ఏడో పని: ఇంటికి పంపేటప్పుడు

ఒంటరిగా పంపొద్దు, బైకు నడపనివ్వొద్దు. ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పి ఊరుకోక కాగితం మీద రాసివ్వండి. మొదటి రెండు రోజులు పక్కన మనిషి ఉండాలి. నిద్రపోనివ్వకూడదని మన దగ్గర గట్టి నమ్మకం. ప్రమాద గుర్తులు లేవని డాక్టర్ చూశాక నిద్ర మంచిదే. మధ్యలో ఊపిరి, రంగు చూసుకుంటే చాలు, గంటకోసారి లేపి ఏడిపించక్కర్లేదు. నొప్పికి మొదటి రోజు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సూది వద్దు. లోపల రక్తస్రావం ఉంటే అవి పెంచవచ్చు. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వొచ్చు. రెండు రోజులు మొబైల్ తగ్గించాలి. జాతర డీజే పెట్టెల ముందు నిలబెట్టొద్దు. చీకటి గదిలో కట్టేసినట్టు పడుకోబెట్టడం కూడా తప్పే. ఇంట్లో తిరగడం, వాకిట్లో నడవడం మంచిది.

ఎనిమిదో పని: తిరిగి అఖాడాకు

ముందు బడి, తర్వాత కుస్తీ. పూర్తి రోజు పాఠాలు తలనొప్పి లేకుండా కూర్చోగలిగాకే జోర్ (సాధన కుస్తీ) సంగతి. మొదట సగం పూట, రాత తక్కువ, పరీక్ష ఉంటే వాయిదా. ఆటల వైద్యులు 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒప్పుకున్న ఆరు మెట్లను కుస్తీకి ఇలా మార్చుకోండి.

ఒకటి, ఇంటి పనులు, నడక. రెండు, వేగంగా నడక, తర్వాత మెల్లగా పరుగు, కొద్దిగా బైఠకులు. దండ్‌లు వద్దు, తల కిందికి వంచితే నొప్పి తిరగబెడుతుంది. మూడు, మ్యాట్ మీద ఒంటరిగా అడుగులు, నీడతో కుస్తీ. దొర్లడం, బ్రిడ్జి వద్దు. ఇక్కడ ఆగండి. లక్షణాలు పూర్తిగా పోయి, డాక్టర్ రాసిచ్చిన కాగితం వచ్చాకే నాలుగు: జోడీతో డావ్ రిహార్సల్, ఎదురు బలం లేకుండా, కింద పడేయకుండా. ఐదు, పూర్తి జోర్. ఆరు, పోటీ.

మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం 24 గంటలు. మొదటి మూడు మెట్లలో కొద్దిగా తలనొప్పి పెరిగితే, నొప్పిని పదికి ఎంత అని కొలిస్తే రెండుకు మించి పెరగకుండా గంటలోపు తగ్గిపోతే పరవాలేదు. దాటితే ఆ రోజుకు చాలించి రేపు చూడాలి. నాలుగు, ఐదు, ఆరులో ఏ లక్షణం వచ్చినా మూడుకు తిరిగి రావాలి. లెక్కకు వారంలో అవుతుంది, కానీ పిల్లలకు నెల దాకా పట్టడం మామూలే. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే పెద్దాసుపత్రిలో చూపించండి. మానక ముందే రెండో దెబ్బ తగిలితే నెలలు మంచాన పడొచ్చు. అరుదుగా, ముఖ్యంగా ఈ వయసు పిల్లల్లో, మెదడు వాచి ప్రాణమే పోతుంది. మానేదాకా కబడ్డీ కూడా వద్దు. "కుస్తీ కాదు కదా, కబడ్డీయే కదా" అని పంపే తల్లిదండ్రులున్నారు.

తొమ్మిదో పని: నోటుబుక్కు, ఫోను

సరిహద్దు జాతరల్లో అన్నిటికంటే పెద్ద కంత ఇది. శనివారం అటువైపు ఊళ్లో తలకు దెబ్బ తగిలి బయటికి తీసిన కుర్రవాడు ఆదివారం సలాబత్‌పూర్ దగ్గర సరిహద్దు దాటి ఇటు జాతరలో లంగోట్ కడతాడు. ఇక్కడివాళ్లకు ఏమీ తెలియదు. ఇనాము డబ్బు అవసరం, ఇంట్లో చెప్పి ఉండడు.

వంద పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టండి. తేదీ, ఊరు, ఏ డావ్‌లో తగిలింది, ఎవరు చూశారు, ఏ గుర్తు కనిపించింది, ఎవరితో ఇంటికి పంపారు, డాక్టర్ కాగితం ఎప్పుడొచ్చింది. ఇంతే చాలు. మీ చుట్టుపక్కల జాతర కమిటీల వస్తాదులు, పీఈటీలు కలిసి వాట్సాప్ గ్రూపు ఒకటి నడపండి. అందులో పిల్లవాడి పేరు, ఫోటో, వైద్యం వివరాలు పెట్టొద్దు. "ఫలానా తాలీమ్, 48 కిలోలు, విశ్రాంతిలో ఉన్నాడు, వివరాలకు ఫోన్ చేయండి" అంటే చాలు. మిగతాది ఫోన్‌లో ఒక వస్తాదు ఇంకో వస్తాదుకు చెప్పాలి. తండ్రికి కూడా మీరే చెప్పాలి, పిల్లవాడి చేత చెప్పించొద్దు. ఆ ఫోన్లు శనివారం రాత్రే చేయండి. ఆదివారం పొద్దున జీపు బయల్దేరాక చేస్తే కుర్రవాడు అప్పటికే జోడీ కోసం చెయ్యి చాచి నిలబడి ఉంటాడు.